మూడో సీము ఆకులు

షేల్ అనే మట్టిపొరల రాయికి నోరు దగ్గరగా పెట్టి గట్టిగా ఆవిరి ఊదితే ఒక వాసన లేస్తుంది. ఎండిన చెరువులో తొలివాన పడ్డప్పటి మట్టివాసనే, కాకపోతే అడుగున కొంచెం గంధకం ఘాటు. రాయిలో బంకమట్టి పాలు ఎంతో పసిగట్టడానికి బొగ్గు అన్వేషణలో పనిచేసేవాళ్లు చేసే పనే అది. శుద్ధమైన ఇసుకరాయి మీద ఎంత ఊదినా ఆ వాసన రాదు. మొన్న గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్ దినాలకు పోయినప్పుడు అటుక మీంచి ఒక చెక్కపెట్టె దించారు. మూత తీసేసరికి అర్రంతా ఆ వాసనే.

పెట్టె సర్దార్ బిడ్డది. క్వార్టర్ల లైన్లో అందరికీ ఆమె బుజ్జి. ఆ పెట్టె నిండటం మొదలైనప్పుడు ఆమెకింకా పాలపళ్లు ఊడలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ రాళ్ల సంగతి తెలిసినవాళ్లం ఇక ఆమే, నేనే. మర్చిపోకముందే రాసి పెడదామనిపించింది.

*

అప్పట్లో ఖనిలో ఎవరికీ గడియారం అవసరం ఉండేది కాదు. సైరన్ కూసిందంటే షిఫ్టు మారినట్టు. కూత వెనకే సైకిళ్ల గంటలు, టిఫిన్ గిన్నెల చప్పుడు, మస్టర్ దగ్గర కేకలు. దిగినవాళ్లు ఎక్కి ఇళ్లకొచ్చే వేళకు నల్లాల దగ్గర నీళ్లు మసిగా పారేవి. మొహం ఎంత రుద్దుకున్నా కంటిరెప్పల అంచున కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలిపోయేది.

బుజ్జి ఎదురుచూసేది బాపు కోసం కాదు, బాపు తువ్వాల మూట కోసమని వాళ్లమ్మ దెప్పేది. గనిలోంచి పైకొచ్చే టబ్బుల్లో బొగ్గుతో పాటు రాయి కూడా వస్తుంది. బాయి మీద దాన్ని ఏరి పక్కన కుప్ప పోసేవాళ్లు. సర్దార్ ఇంటికొచ్చేటప్పుడు ఆ కుప్పలోంచి అరచేయంత పలక ఒకటి తువ్వాలలో చుట్టి తెచ్చేవాడు. ఏదో ఒకటి తేవడం కాదు. అంచు చూసి, రెండు వేళ్లతో తట్టి, ఆకు ఉంటుందనుకున్నదే తెచ్చేవాడు. చాలాసార్లు ఉండేది.

ఆయనకు ఆ చూపు రాళ్ల చదువుతో రాలేదు, పైకప్పుతో వచ్చింది. బాయిలో మైనింగ్ సర్దార్ అంటే తన డిస్ట్రిక్టులో, అంటే బాయిలో తనకప్పగించిన భాగంలో, పనిచేసే అందరి ప్రాణాలకూ పూచీ ఉన్నవాడు. షిఫ్టు పని మొదలు కాకముందే సేఫ్టీ ల్యాంపుతో గ్యాసు చూడాలి, కర్రతో పైకప్పు తట్టి చూడాలి. తట్టడానికో పద్ధతి ఉంది. ఒక అరచేతిని బండకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో కొంచెం దూరంలో కొట్టాలి. బండ గట్టిగా ఉంటే చప్పుడు ఠంగుమని మోగుతుంది, అరచేతికి ఏమీ తెలియదు. పొర విడి ఉంటే డబ్బుమని బోలుగా వస్తుంది, అరచేతిలో సన్నగా అదురు పుడుతుంది. అదురు తగిలితే అందరినీ వెనక్కి జరిపి, పొడుగు గడ్డపారతో ఆ పెచ్చును దింపేయాలి. నిలబడే చోటు గట్టి కప్పు కింద ఉండాలి, తప్పించుకునే దారి వెనక ఖాళీగా ఉండాలి.

బొగ్గు సీము, అంటే బొగ్గు పొర, మీద ఉండే షేల్లో ఆకులు దట్టంగా పరుచుకున్న పొర ఎక్కడుందో అక్కడే పైకప్పు తేలిగ్గా విడుతుంది. మట్టికీ మట్టికీ మధ్య ఆకుల పొర అడ్డం ఉంటే ఆ రెండూ ఒకదానికొకటి సరిగ్గా అతకవు. టోపీ దీపం వెలుగులో పైన ఆకుల అచ్చులు అందంగా కనపడుతున్నాయంటే, వాటి కింద ఉన్న పొర ముందే ఊడి పడిపోయిందన్నమాట. ఇంకా పైపొరలూ అదే దారిన ఉండొచ్చు. సర్దార్ అది చూసి భయపడేవాడు. అదే రాయి చిన్న ముక్కై ఇంటికొస్తే బిడ్డ మురిసిపోయేది. నిలువుగా పాతుకుపోయిన చెట్టు మొద్దు రాయిగా మారి కప్పులో ఉంటే మరీ ప్రమాదం. చుట్టూ నున్నటి బొగ్గు పొర ఉంటుంది కాబట్టి ఏ చప్పుడూ లేకుండా జారి పడుతుంది.

*

నా పని కోర్ షెడ్డులో. బోరు వేసినప్పుడు భూమిలోంచి వచ్చే రాతి కడ్డీలను చెక్కపెట్టెల గాళ్లలో, ఎడమ నుంచి కుడికి, లోతు వరుస తప్పకుండా పేర్చాలి. ఒక్కో రన్, అంటే ఒక విడత బోరు, ముగిసిన చోట లోతు రాసిన చెక్కముక్క పెట్టాలి. ఎన్‌క్యూ సైజు కోర్ అయితే అడ్డకొలత 47.6 మిల్లీమీటర్లు. ఇసుకరాయి కడ్డీ ఏళ్లు గడిచినా కడ్డీగానే ఉంటుంది. షేల్ మాత్రం ఎండేకొద్దీ తనంతట తానే బిళ్లలు బిళ్లలుగా విడిపోతుంది. బిళ్ల తిప్పితే ఒక్కోసారి ఆకు. నిండు ఆకు మాత్రం కాదు. బొగ్గు అడవుల నాటి చెట్టు గ్లాసోప్టెరిస్ ఆకు జానెడు దాటి కూడా పెరుగుతుంది, మన బిళ్ల వెడల్పు మూడు వేళ్లు. అందుకే నడి ఈనె ఒకటి, దానికి రెండు పక్కలా కొంచెం వల మాత్రం దక్కుతాయి.

ఆ వలే గుర్తు. పది రెట్ల లెన్సు కంటికి ఆనించుకుని, రాయినే దగ్గరికి తెచ్చుకోవాలి. లెన్సును రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. నడి ఈనె నుంచి బయల్దేరిన సన్నటి ఈనెలు ఒకదానితో ఒకటి కలిసి గళ్లు కడతాయి. నడి ఈనె దగ్గర గళ్లు వెడల్పు, అంచుకు పోయేకొద్దీ ఇరుకు. గళ్లుండి నడి ఈనె స్పష్టంగా లేకపోతే అది గాంగమోప్టెరిస్. బుజ్జికి ఈ పేర్లు నోరు తిరిగేవి కావు. మొదటిది "ఈనె ఆకు", రెండోది "ఈనె లేని ఆకు". నాకవే మంచి పేర్లనిపించేవి.

ఆదివారాలు సర్దార్‌తో కలిసి షెడ్డుకొచ్చేది. "రాళ్ల సారూ, గియ్యాల పెట్టె విప్పుతవా?" అని మొదటి మాటే అది. పెట్టెల్లోంచి బిళ్ల తీయడానికి వీల్లేదని ఆమెకు ముందే చెప్పి ఉంచాం. కోర్ అంటే రికార్డు. ఒక్క బిళ్ల పోతే ఆ లోతు పోయినట్టు. చూడొచ్చు, లెన్సు పెట్టొచ్చు, ఉన్నచోటే పెట్టేయాలి. అంత చిన్నపిల్ల ఆ నియమాన్ని నాకు తెలిసిన కొందరు పెద్దవాళ్లకంటే బాగా పాటించింది.

*

చిన్నపిల్ల చేతికి మొదట సుత్తి ఇవ్వకూడదని నా అభిప్రాయం. ముందు లెన్సు, పెన్సిల్. పగలగొట్టడం రుచి మరిగితే చూడటం రాదు. బుజ్జికి సుత్తి దొరికేసరికి ఒక వానాకాలం గడిచింది. అది పావుకిలో సుత్తి, అంగుళం వెడల్పు చపటి ఉలి. కళ్లకు వర్క్‌షాపు తెల్ల గాగుల్స్, రబ్బరు పట్టీ ముడేసి తలకు సరిపెట్టినవి.

పలకను పడుకోబెట్టి కొట్టకూడదు. అలా కొడితే దెబ్బ తగిలిన చోటు నుంచి చుట్టూ నెర్రెలు చీలి, ఆకు ముక్కచెక్కలవుతుంది. గోనెసంచి మడత మీద పలకను అంచున నిలబెట్టాలి. అంచును పొద్దుటి ఎండకు తిప్పి చూస్తే పొరల గీతలు కనపడతాయి; వాటిలో నిగనిగలాడే సన్నటి నల్లగీత ఉంటే అక్కడ ఆకు ఉండే అవకాశం ఎక్కువ. ఆ గీత మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఉలి ఆనించి, నాలుగు వైపులా తిప్పుతూ చిన్నచిన్న దెబ్బలు వేయాలి. మొదట టక్కుటక్కుమంటుంది. చప్పుడు మారి డబ్బుమన్నదా, సుత్తి కింద పెట్టేయాలి. ఆ పైన పని కూరగాయల కత్తిది: అంచులో దూర్చి నెమ్మదిగా తిప్పితే రెండు పలకలవుతుంది. తొందరపడి ఒక్క వైపు నుంచే మోదితే చీలిక మధ్యలో మెట్టు దిగి పక్క పొరలోకి పోతుంది, సగం ఆకు ఇటు, సగం అటు. బాయి నుంచి వచ్చిన రోజే విప్పితే తడికి మట్టి సాగి అచ్చు పూసుకుపోతుంది. ఎండలో మాడ్చితే పొడి రాలుతుంది. రెండు మూడు రోజులు నీడలో ఆరిన రాయే మాట వింటుంది.

ఆ చప్పుడు మారడం పట్టుకోవడం నేను నేర్పలేదు. పైకప్పు కింద తను వినే చప్పుడే ఇదీ అని సర్దారే నేర్పాడు. బిడ్డ ఎడమ అరచేతిని రాయికి ఆనించి, కుడిచేత్తో కొట్టించేవాడు. "అదిరిందా? ఇగ ఆపు."

రెండు సగాలూ దాచాలి. ఒకదాని మీద ఆకు ఉబ్బుగా, రెండోదాని మీద అదే ఆకు పల్లంగా ఉంటుంది. నల్లటి బొగ్గు పొర ఏ సగానికి అంటుకుంటుందో ముందే చెప్పలేం. ముఖాలకు మెత్తటి నూలుగుడ్డ అడ్డం పెట్టి, పేపర్లో చుట్టి, పెట్టెలో నిలువుగా సర్దాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగువి పగులుతాయి. రెంటికీ ఒకే నంబరు, పక్కన అ, ఆ. వెనకవైపు బొట్టంత తెల్ల పెయింటు పూసి, ఆరాక నల్ల సిరాతో రాయాలి. దానితో పాటు ఒక చిట్టీ: ఏ బాయి, ఏ సీము, సీముకు పైనా కిందా, ఎంత ఎత్తులో.

బుజ్జికి రాయడం రాదు. గీతలు గీసింది. మూడో సీముకు మూడు గీతలు, నాలుగో సీముకు నాలుగు. కప్పు రాయికి పైకి బాణం, నేల రాయికి కిందికి బాణం. బాపు తెస్తే ఒక దీపం బొమ్మ, షెడ్డు బయట పారేసిన వాటిలో దొరికితే ఒక చక్రం. ఇన్నేళ్ల తర్వాత మొన్న ఆ చిట్టీలు తీసి చూస్తే ఒక్కటి కూడా అర్థం కాకుండా లేదు. కాలేజీ పిల్లలు "గోదావరిఖని దగ్గర" అని మాత్రమే రాసి తెచ్చిన రాళ్లు నేను బోలెడు చూశాను. వాటితో ఏం చేయగలం, కిటికీలో పెట్టుకోవడం తప్ప.

*

పెట్టెలో కొన్ని పోయాయి. పేపరు ముదురు గోధుమరంగుకు కాలిపోయినట్టయి, లోపల రాయి తెల్లగా, పసుపుపచ్చగా పొడి పట్టింది. అది చెద కాదు, బూజు కాదు. కొన్ని షేళ్లలో కంటికి ఆనని పైరైటు ఉంటుంది. గాలీ తేమా తగిలితే అది విడిపోయి గంధకామ్లం పుడుతుంది. రాయినీ తింటుంది, చుట్టిన కాగితాన్నీ తింటుంది, చిట్టీనీ తింటుంది. మన వానాకాలాలు దానికి పండుగ. ఒకసారి మొదలైతే వెనక్కి మళ్లించలేం. అలాంటివి విడిగా తీసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఆపుకోవడమే. మంచి రాళ్ల పక్కన మాత్రం ఉంచొద్దు.

మురికి పోవాలని నీళ్లతో కడగడం ఇంకో పొరపాటు. బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రెండు మూడు సార్లకే పెచ్చులు లేస్తాయి. పెయింటు బ్రష్షు చాలు. నిగారింపు కోసం గోళ్ల రంగు, వార్నిషు పూసేవాళ్లుంటారు. అది ఆరేటప్పుడు బిగిసి, ఆకు బొగ్గు పొరను తనతో పాటు ఊడదీస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌దీ నీళ్ల బాధే. మ్యూజియాల్లో పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను ఎసిటోన్‌లో పలచగా కరిగించి వాడతారు. ఇంట్లో అయితే ఏమీ పూయకపోవడమే మేలు.

*

పిల్లలకు కంటిముందు ఏది పడితే అది శిలాజమే. లైన్లో పిల్లలంతా బుజ్జి దగ్గరికి తెచ్చేవాళ్లు, ఆమె న్యాయం చెప్పేది. అందంగా చెట్టుకొమ్మల్లా నల్లగా అల్లుకున్న మచ్చలు ఎక్కువ మోసం చేసేవి. అది మాంగనీసు. నెర్రెలోకి దిగిన నీళ్లు వదిలిపోయిన మరక. నిజమైన ఆకు పొర మీద పడుకుని ఉంటుంది, ఈ మరక పొరలను అడ్డంగా కోసిన పగులు మీద కూడా ఉంటుంది. పైగా నడి ఈనె ఉండదు. గుండ్రటి ఇనుపరాళ్లు తెచ్చి రాకాసి బల్లి గుడ్లనేవాళ్లు. పగలగొడితే లోపల తుప్పురంగు చుట్లు తప్ప ఏమీ ఉండవు. రెండు బండలు రాసుకున్న చోట పుట్టే నున్నటి గీతల మెరుపునూ ఆకే అనేవాళ్లు.

ఒక్క విషయంలో బుజ్జే నాతో పేచీ పెట్టుకుంది. రాయి మీద వెన్నుపూసల వరుస. రెండు వరుసల్లో చతురస్రాలు, మధ్యలో గాడి. "గిది పాము బొక్కనే సారూ" అని వారం పాటు పట్టు వదల్లేదు. నిజానికి అది గ్లాసోప్టెరిస్ వేరు, వెర్టెబ్రేరియా. బురదనేలలో బతికే వేరు కాబట్టి లోపల గాలి గదులు, మధ్యమధ్య అడ్డుగోడలు. గదులు నలిగిపోయి ఆ గళ్లు మిగిలాయి. చివరికి ఒప్పుకున్నది నా మాట విని కాదు. నేల రాయి ముక్కలో అదే "పాము" రెండుగా చీలి కొమ్మేయడం తన కంటితో చూసి.

ఆ చెట్లు ఆకు రాల్చేవి. అందుకే ఒక్కో పొరలో ఆకు మీద ఆకు, చాపలా. ఇప్పటికి 25 కోట్ల ఏళ్ల కిందటే ఆ జాతి భూమ్మీద లేకుండా పోయింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు విడిచిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం స్లెడ్జి మీద దాదాపు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలోనూ ఇవే ఆకులు. ఆకలితో, చలితో చస్తూ కూడా రాళ్లు పారేయలేదన్న సంగతి బుజ్జికి తెగ నచ్చింది. వాళ్లమ్మ పెట్టె పారేస్తానన్నప్పుడల్లా దాన్నే అడ్డం వేసేది.

*

సెలవుల్లో హన్మకొండ అమ్మమ్మ ఇంటికి పోతే పద్మాక్షి గుట్ట మీద పొద్దస్తమానం వెతికి, ఒక్క ఆకూ దొరకలేదని అలిగి వచ్చేది. అక్కడ దొరకదు. అది గ్రానైటు, కరిగిన రాయి గడ్డకట్టింది, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. కాజీపేటలో రైలెక్కి బల్లార్ష వైపు పోతుంటే గ్రానైటు గుట్టలు వెనకబడతాయి, రామగుండం ముందు పాఖాల సున్నపురాయి వస్తుంది, తర్వాత బొగ్గు. అక్కడి నుంచి ఈశాన్యంగా ప్రాణహిత వైపు పోయేకొద్దీ రాళ్ల వయసు తగ్గుతుంది. ఆ వైపు మలేరి అని పిలిచే పొరల్లో పాత సరీసృపాలు, కోట అని పిలిచే పొరల్లో డైనోసార్లు. యామన్‌పల్లి దగ్గర ఒకే జాతి డైనోసార్లు కనీసం 12 జంతువుల బొక్కలు దొరికాయి, ఒక్క పుర్రె కూడా లేకుండా. 1988లో శిలాజ శాస్త్రవేత్త యాదగిరి ఆ జాతికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టింది దాన్నే. బుజ్జిని తీసుకుపోతే చుట్టూ తిరిగి చూసి, బాపును అడిగిన మొదటి ప్రశ్న: "మన ఆకు దీనికంటె పెద్దదేనా?" వయసులో అయితే పెద్దదే, కోట్ల ఏళ్లు.

ఇప్పుడు పైనుంచి తవ్వే గనులు, ఓపెన్‌కాస్టులు, వచ్చాక ఆకు రాయి కొండలుగా పడి ఉంది, పిల్లలు దాని దగ్గరికి పోయే దారే లేదు. ఉండకూడదు కూడా. మట్టి డంపు వాలు వాన తర్వాత చెప్పకుండా జారుతుంది. పైనుంచి డంపర్ వెనక్కి వస్తూ ఒంపేటప్పుడు డ్రైవరుకు కింద ఎవరున్నదీ కనపడదు. బొగ్గు కలిసిన కుప్పలు లోలోపల అంటుకుని కాలుతుంటాయి, పైన అడుగేస్తే కూరుకుపోతుంది. పిల్లకు ఆసక్తి ఉంటే మ్యూజియం చూపించండి, రోడ్డు పక్కన రాయి చూపించండి; డంపు ఎక్కించకండి.

కోర్ షెడ్డులో చివరి పెట్టెలు బుజ్జికి నచ్చేవి కావు. వాటిలో బొగ్గు లేదు, ఆకు లేదు. తాల్చేరు అని పిలిచే ఆకుపచ్చటి రాయి, అందులో పొదిగినట్టు గులకరాళ్లు. బోరులో ఆ పచ్చరాయి తగిలిందంటే కింద ఇక బొగ్గు లేదని డ్రిల్లింగ్ ఆపేస్తారు. ఆ గులకరాళ్ల ముఖాలు సానపట్టినట్టు చదునుగా ఉంటాయి, కొన్నిటి మీద గీతలు. వాటిని ఈడ్చుకొచ్చింది హిమానీనదం. ఆకుల అడవికి ముందు ఇక్కడ ఉన్నది మంచే అని చెబితే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పుడు మే నెల, రామగుండం ఎండ. ఇంటికి పరుగెత్తి తల్లికి చెప్పింది: "అమ్మా, మనూళ్లె మంచుండెనట!"

ఆమె కుండలోంచి చెంబు ముంచుకుంటూ అన్నది: "గదేదో గిప్పుడన్న పడుమనరాదే."